రెండు వానాకాలాలు చూసిన మా పిన్‌బాల్ మిషన్

భీమవరంలో మా గేమ్ హాల్లో పిన్‌బాల్ మిషన్ పెట్టి రెండున్నరేళ్లయింది. అప్పట్నుంచి చాలామంది అడుగుతూనే ఉన్నారు, కొనొచ్చా, నిలబడుతుందా, పాడైతే ఎవరు చూస్తారు అని. అమలాపురం నుంచి ఇద్దరు అన్నదమ్ములు, కాకినాడ నుంచి ఒకాయన ఫోన్ చేసి మరీ అడిగారు. ఒక్కొక్కరికి గంటసేపు చెప్పే బదులు ఒకేసారి రాసేద్దామని కూర్చున్నాను. కంపెనీ పేరు, మోడల్ పేరు, అమ్మిన డీలర్ పేరు రాయడం లేదు. ఈ పదేళ్లలో తయారైన మిషన్ ఏది కొన్నా నేను చెప్పేదాంట్లో చాలా భాగం మీకు పనికొస్తుంది.

ఆట గురించి ముందే చెప్పేస్తాను, అందులో నాకు ఏ ఫిర్యాదూ లేదు. 27 మిల్లీమీటర్ల ఉక్కు బంతి, 80 గ్రాముల బరువు, అది గాజు కింద వాలుగా ఉన్న బల్ల మీద మన మీదకి దొర్లుకుంటూ వస్తుంటే రెండు బటన్ల మీద చేతులు పెట్టి నిలబడ్డవాడికి ఇంకేమీ గుర్తుండదు. పొద్దస్తమానం ఫోన్లో ఆడే పిల్లలు కూడా ఒక్క బంతి ఆడాక మళ్లీ లైన్లో నిలబడతారు. బటన్ నొక్కితే లేచి బంతిని కొట్టే రెక్క, అదే ఫ్లిప్పర్, దాన్ని 1947లో గాట్లీబ్ కంపెనీ హంప్టీ డంప్టీ అనే మిషన్‌లో తెచ్చింది. అప్పటికీ ఇప్పటికీ దాని సూత్రం ఒకటే. రాగి తీగ చుట్టిన కాయిల్, కరెంటు రాగానే అందులోకి దూసుకెళ్లే ఇనుప ప్లంజర్, దానికి తగిలించిన లింకు, బల్ల పైన ప్లాస్టిక్ రెక్క. మారింది ఏంటంటే ఆ కాయిల్‌కి కరెంటు వదిలేది ఎవరు, ఆపేది ఎవరు అన్నదే. నా ఇబ్బందుల్లో పెద్దదంతా ఆ మార్పు దగ్గరే వచ్చింది.

మాది మొదటి అంతస్తు. కాళ్లు విప్పి, వెనకాల నిలువుగా ఉండే పెట్టెను ముందుకు మడిచి నలుగురం మోసుకెళ్లాం, బరువు వంద కిలోలు దాటుతుంది. బిగించేటప్పుడు రెండు విషయాల్లో తొందరపడకండి. ఒకటి మట్టం. బల్ల ముందుకి 6.5 డిగ్రీలు వాలి ఉండాలి, అడ్డంగా మాత్రం బొత్తిగా వాలు ఉండకూడదు. వాలు కొలవడానికి ఫోన్‌లో యాప్ సరిపోయింది కానీ అడ్డం మట్టానికి తాపీ మేస్త్రి దగ్గర రసమట్టం అడిగి తెచ్చి గాజు తీసి బల్ల మీదే పెట్టి చూశాను. మా నేల ఎడమకి కొంచెం దిగి ఉందని అప్పుడే తెలిసింది, అక్కడి కాలు స్క్రూ రెండు చుట్లు లేపితే బంతి నడక మొత్తం మారిపోయింది. రెండోది ఎర్తింగ్. పక్కల ఉన్న ఇనుప పట్టీలు ఆడేవాళ్ల చేతులకి తగులుతూనే ఉంటాయి, ఎర్త్ లేకపోతే వానాకాలంలో చిమచిమలాడుతుంది. మా బిల్డింగ్‌లో మూడో పిన్నుకి వైరే లేదు. కింద కొత్తగా గొయ్యి తీయించి ఉప్పూ బొగ్గూ వేయించి పైప్ దింపించాకే మిషన్ ఆన్ చేశాను.

ఇక కరెంటు. ఉండి, ఆకివీడు, నరసాపురం చుట్టుపక్కల వాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. రొయ్యల చెరువుల్లో ఆక్సిజన్ తెల్లవారుజామున బాగా పడిపోతుంది కాబట్టి రాత్రి పొద్దుపోయాక నీళ్లలోకి గాలి ఎక్కించే ఏరేటర్లన్నీ తిరుగుతాయి. ఆ టైంలో మా హాల్లో వోల్టేజి దిగడం నేను స్టెబిలైజర్ మీటర్‌లో రోజూ చూస్తాను. మిషన్ లోపల కరెంటును దానికి కావాల్సిన వోల్టేజికి మార్చే ఎస్‌ఎంపీఎస్ ఉంటుంది, కొంచెం ఎగుడుదిగుళ్లు అది తట్టుకుంటుంది. తట్టుకోలేనిది ఉన్నట్టుండి పోయి రెండు సెకన్లలో తిరిగొచ్చే కరెంటు. అందుకని స్టెబిలైజర్ ఒక్కటే చాలదు, కరెంటు పోయినా క్షణం కూడా తెగకుండా అందించే ఆన్‌లైన్ యూపీఎస్ కూడా పెట్టండి. నేను ఇది ఆర్నెల్లు ఆలస్యంగా పెట్టాను.

ఇప్పుడు అసలు సంగతి. కొన్న తర్వాత వచ్చిన మొదటి సంక్రాంతి, కనుమ సాయంత్రం. హైదరాబాద్ నుంచి వచ్చిన అల్లుళ్లు, మనవలు, పందేల దగ్గర్నుంచి తిరిగొచ్చినవాళ్లు, హాలు నిండిపోయి మెట్ల దాకా జనం. పన్నెండేళ్ల కుర్రాడొకడు వచ్చి, "అంకుల్, కుడి పక్కది దిగట్లేదు" అన్నాడు. బటన్ ఇరుక్కుందేమో అనుకుని, ఆగు నాన్నా వస్తున్నా అని కౌంటర్‌లో చిల్లర ఇచ్చి వచ్చేలోపు వాసన వచ్చేసింది. మోటారు కాలిన వాసన ఎలా ఉంటుందో మన ఊళ్లో అందరికీ తెలుసు, లైన్లో నిలబడ్డవాళ్లే "ఏదో కాలుతోందండీ" అన్నారు. ప్లగ్ పీకేసి, గాజు జరిపి, బంతులు తీసి, బల్ల పైకెత్తి చూస్తే కుడి ఫ్లిప్పర్ కాయిల్ మీద కాగితం చాక్లెట్ రంగులోకి తిరిగిపోయింది. లోపలి ప్లాస్టిక్ స్లీవ్ కరిగి ప్లంజర్‌ని పట్టేసుకుంది. వేలు పెడితే చుర్రుమంది.

మర్నాడే డీలర్‌కి ఫోన్ చేశాను. ఆయన కాయిల్ గురించి పెద్దగా మాట్లాడలేదు, దాన్ని నడిపే ఎలక్ట్రానిక్ బోర్డు మార్చాలి అన్నాడు, ఆరు వారాలు పడుతుంది, అన్నీ కలిపి 35 వేల దాకా అవుతుంది అన్నాడు. అసలు ఏం పోయిందో చూడకుండా ఎలా చెబుతున్నారండీ అంటే, మా దగ్గర బోర్డులు బాగుచేయరు, మార్చడమే అని జవాబు. వారంటీ అడిగితే, మీ దగ్గర కరెంటు బాగోదు కాబట్టి వర్తించదు అన్నాడు. కొనేటప్పుడు మా ఊరి పేరు చెప్పే కొన్నాను. ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడు పడలేదు.

సరే కాయిల్ సంగతైనా చూద్దామని ఉండి రోడ్డులో ఏరేటర్ మోటార్లు రీవైండింగ్ చేసే మేస్త్రి గారి దగ్గరకి తీసుకెళ్లాను. డెల్టాలో ఇలాంటి మిషన్ పెట్టుకునేవాళ్లకి ఉన్న పెద్ద అండ ఆ షాపులే. రొయ్యల చెరువుల పుణ్యమా అని రాగి తీగ చుట్టడం వచ్చిన చేతులు మన దగ్గర వీధికొకటి ఉన్నాయి. ఆయన కాయిల్ అటూ ఇటూ తిప్పి, "ఏంటండీ ఇది, స్టార్టర్‌లోదా?" అన్నారు. చెప్పాను. కాయిల్ మీద 22-1080 అని రాసి ఉంది, అంటే తీగ మందం 22 గేజ్, 1080 చుట్లు. ఈ మిషన్లలో కాయిల్స్‌కి ఇలా గేజ్, చుట్లు రెండూ పేరులోనే పెట్టడం పాత ఆచారం, చుట్టేవాడికి అంతకన్నా మేలు లేదు. నేను ఆ అంకెలు చదివి చెప్పగానే షాపులో కుర్రాడు 22 గేజ్ రీలు దించేశాడు. మేస్త్రి గారు మాత్రం కాలిన తీగ ఒక జానెడు విప్పి, బ్లేడుతో ఎనామిల్ గీకి, మైక్రోమీటర్‌లో పెట్టి తిప్పారు. కళ్లజోడు నుదుటి మీదకి తోసి మళ్లీ ఇంకోచోట పెట్టి చూశారు. "0.64 మిల్లీమీటర్లు వస్తోంది బాబూ. మన 22 అయితే 0.71 ఉండాలి. ఇది మన లెక్క కాదు."

కాదు మరి. వాళ్లది అమెరికన్ గేజ్, మన రీవైండింగ్ షాపుల్లో నడిచేది ఎస్‌డబ్ల్యూజీ అనే బ్రిటిష్ గేజ్. అంకె ఒకటే, తీగ వేరు. ఆయన చూడకుండా మన 22 చుట్టేసి ఉంటే తీగ లావై, రెసిస్టెన్స్ తగ్గి, కాయిల్ దాదాపు ఐదో వంతు ఎక్కువ కరెంటు లాగేది, ఆ భారమంతా బోర్డు మీద పడేది. ఇది ఒక్కటి రాసి పెట్టుకోండి, మిషన్ కొన్నవాళ్లు ఎవరైనా ఎప్పుడో ఒకప్పుడు ఇక్కడికే వస్తారు. మన దగ్గర దొరికే వాటిలో దగ్గరగా ఉన్నది ఎస్‌డబ్ల్యూజీ 23, అది 0.61. కొంచెం సన్నం, కాబట్టి ఫ్లిప్పర్ కొట్టే దెబ్బ కొంచెం తగ్గుతుంది కానీ బోర్డుకి ప్రమాదం లేదు. మెనూలోకి వెళ్లి ఫ్లిప్పర్ పవర్ ఒక మెట్టు పెంచుకుంటే తేడా ఆడేవాడికి తెలియదు. 1080 చుట్లూ కౌంటర్ పెట్టి చుట్టి, వార్నిష్ పోసి ఆరబెట్టి నాలుగు వందలు తీసుకున్నారు. రెండో పక్క బాగున్న కాయిల్ కూడా తెమ్మని, మీటర్ పెట్టి రెండూ పోల్చి చూశాకే చేతికిచ్చారు.

ఇస్తూ ఆయన ఒక మాట అన్నారు. "కాయిల్ దానంతటది కాలదు బాబూ. దాన్ని కాల్చింది ఎవరో చూడకుండా ఇది పెట్టావంటే ఇదీ కాలుతుంది."

నిజం. ఈ కొత్త మిషన్లలో కాయిల్ ఒక చివరకి 48 వోల్టులు ఎప్పుడూ ఉంటాయి, రెండో చివరని గ్రౌండ్‌కి కలిపేది బోర్డు మీద ఉన్న మాస్‌ఫెట్, అంటే స్విచ్‌లా పనిచేసే ట్రాన్సిస్టర్. బటన్ నొక్కగానే అది తెరుచుకుంటుంది, రెక్క లేస్తుంది, తర్వాత రెక్కను పైనే పట్టి ఉంచడానికి కరెంటును తునకలు తునకలుగా వదులుతుంది. పాత మిషన్లలో ఈ పని వేరుగా జరిగేది, కాయిల్‌లోనే లావు తీగ ఒకటి, సన్న తీగ ఒకటి రెండు చుట్టలు ఉండేవి, రెక్క పైకి చేరగానే ఒక చిన్న స్విచ్ లావు చుట్టని తప్పించేది. అందుకని బటన్ అరగంట నొక్కి పట్టుకున్నా కాయిల్ కాలేది కాదు. ఇప్పుడు చుట్ట ఒక్కటే, తెలివంతా బోర్డుది. మాస్‌ఫెట్ షార్ట్ అయితే కరెంటు ఆగదు, అర నిమిషంలో కాయిల్ బొగ్గు. మాకు జరిగింది అదే. మీటర్ పెడితే బజర్ మోగుతూనే ఉంది.

1990ల నాటి విలియమ్స్ మిషన్ అయితే ఈ పని పావుగంటది. అందులో టిప్ 102 అనే ట్రాన్సిస్టర్ మూడు కాళ్లతో నిలబడి ఉంటుంది, పీకి కొత్తది అతికించడం టీవీ మెకానిక్‌లందరికీ వచ్చు. విలియమ్స్ పిన్‌బాల్ తయారీ 1999లోనే ఆపేసింది, అయినా ఆ మిషన్లు ఇంకా ఆడుతున్నాయంటే కారణం ఇదే. వాటికీ రోగాలున్నాయి, బోర్డు మీద పెట్టిన ఏఏ బ్యాటరీలు కారిపోయి రాగి గీతలన్నీ తినేయడం చాలా మామూలు. కానీ ఏది పోయిందో కంటికి కనబడుతుంది, సర్క్యూట్ పటం మాన్యువల్‌లోనే ఉంటుంది. మా మిషన్ మాన్యువల్‌లో ఏ కాయిల్ ఎక్కడుంది, ఏ స్విచ్ ఎక్కడుంది అన్నీ చక్కగా గీశారు, బోర్డు దగ్గరకి వచ్చేసరికి ఒక చతురస్రం గీసి నంబర్ వేసి వదిలేశారు. బల్ల కింద అలాంటి చిన్న బోర్డులు నాలుగైదు ఉన్నాయి, ఒక్కొక్కటీ దాని చుట్టూ ఉన్న కాయిల్స్, స్విచ్‌లు, లైట్లు చూసుకుంటుంది, అన్నిటినీ ఇంటర్నెట్ కేబుల్ లాంటి వైర్లు కలుపుతాయి. వైరింగ్ తగ్గింది, ఏ బోర్డు పలకడం లేదో స్క్రీన్ మీదే నంబర్‌తో సహా చెబుతుంది, ఇవి నిజంగా మంచి మార్పులు. ఆ బోర్డు మీద భాగాలు మాత్రం ఆవగింజల్లా ఉంటాయి, మామూలు సోల్డరింగ్ ఐరన్‌కి అందవు.

మా బావమరిది అన్నాడు, ఫోన్లు బాగుచేసే కుర్రాళ్లు ఇంతకన్నా చిన్నవి తీసి పెడతారు కదా బావా అని. బస్టాండ్ దగ్గర మొబైల్ షాపు తమ్ముడి దగ్గరకి బోర్డు తీసుకెళ్లాం. అతను మైక్రోస్కోప్ కింద పెట్టి మాస్‌ఫెట్ మీద నంబర్ చదివి ఫోటో తీసి ఇచ్చాడు. "అన్నయ్యా, పార్ట్ తెప్పించు, పెట్టడం పది నిమిషాలు" అన్నాడు. హైదరాబాద్ కోఠీలో గుజరాతీ గల్లీకి వెళ్లిన స్నేహితుడితో అదే నంబర్‌వి ఐదు తెప్పించాను. మొత్తం ఖర్చు, కొరియర్‌తో సహా, వెయ్యి రూపాయలు దాటలేదు. వేడి గాలితో పాతది లేపి కొత్తది దింపాడు, పక్కనే దాన్ని నడిపే చిన్న రెసిస్టర్ కూడా పోయిందని మీటర్‌తో పట్టుకుని అదీ మార్చాడు. 35 వేలు, ఆరు వారాలు అన్న పని తొమ్మిది రోజుల్లో అయింది, ఏడాదిన్నర నుంచి ఆ బోర్డు అలాగే నడుస్తోంది.

నా కోపం బోర్డు పోయినందుకు కాదు, వేల దెబ్బలు కొట్టే యంత్రంలో ట్రాన్సిస్టర్ ఎప్పుడో ఒకప్పుడు పోతుంది. పోయినప్పుడు కాయిల్‌ని కాపాడే ఫ్యూజ్ ఒక్కో ఫ్లిప్పర్‌కి విడిగా ఎందుకు పెట్టలేదు? అమెరికాలోనే ఆరేడు వేల డాలర్లు పలికే వస్తువులో పది రూపాయల ఫ్యూజ్ మిగుల్చుకోవడం ఏం పొదుపు? మేము ఆ రెండు కాయిల్స్‌కీ వరసలో స్లో బ్లో ఫ్యూజ్, అంటే క్షణకాలం పెరిగే కరెంటుకి పోని ఫ్యూజ్, పెట్టుకున్నాం. విలువ ఎంచేటప్పుడు మీ దగ్గర తెలిసినవాళ్లతో కొలిపించి పెట్టండి. మాటిమాటికీ పోతోంది కదా అని పెద్దది మాత్రం వేయకండి. మొత్తం మిషన్‌కి నేను చేసిన మార్పుల్లో మొదటి స్థానం దీనికే ఇస్తాను. కిందటి మావుళ్లమ్మ జాతరప్పుడు ఎడమ పక్క ఫ్యూజ్ పోయింది, చూస్తే ప్లంజర్ ఇరుక్కుని ఉంది. ఫ్యూజ్ లేకపోతే మళ్లీ కాయిల్, మళ్లీ బోర్డు.

ఫ్లిప్పర్ యాంత్రిక భాగాలు చాలా మన్నికగా ఉన్నాయి. సంవత్సరానికి ఒకసారి స్లీవ్, ప్లంజర్, లింకు, ఆపే ముక్క మారుస్తాను. ప్లంజర్ కొన కొట్టుకుని కొట్టుకుని పుట్టగొడుగులా విచ్చుకుంటుంది, అది స్లీవ్‌ని గీకుతుంది, నల్లటి పొడి రాలుతుంది. ఆ పొడి కనబడగానే మార్చేయాలి, నూనె మాత్రం వేయొద్దు. చాలామంది మెకానిక్‌లు చెయ్యి ఊరుకోక నూనె వేస్తారు, దుమ్ము పట్టి జిగురై రెక్క పైనే నిలిచిపోతుంది. ఇరుసు తిరిగే నైలాన్ బుష్ అరిగితే రెక్క ఊగుతుంది. మొదటిసారి కిట్‌లో వచ్చింది వేశాను, రెండోసారి నైలాన్ రాడ్ ఇచ్చి లేత్ మేస్త్రి చేత తీయించాను, రెంటికీ తేడా కనబడలేదు. జనం ఆగకుండా మూడు గంటలు ఆడితే కాయిల్స్ వేడెక్కి దెబ్బ మెత్తబడుతుంది, పై ర్యాంప్ ఎక్కాల్సిన బంతి సగంలో వెనక్కి జారుతుంది. దానికి అడుగున రెండు చిన్న కంప్యూటర్ ఫ్యాన్లు పెట్టాను. బాగా పనిచేశాయి, కాకపోతే జాలీ కూడా పెట్టండి, లేకపోతే బల్లులు దూరతాయి.

బల్ల విషయంలో మాత్రం నిరాశే. గట్టి మేపుల్ ప్లైవుడ్ మీద బొమ్మ, దాని మీద లక్క లాంటి పూత. బంతి ఎగిరి పడే చోట్ల గుంటలు పడతాయి, అది అన్నిటికీ సహజం, అన్నిచోట్లా సమానంగా పడ్డాక కంటికి ఆనదు. కానీ మా దాంట్లో మొదటి వానాకాలం దాటేసరికి బల్ల మీద బిగించిన చిన్న స్తంభాల్లాంటి రెండు పోస్టుల మొదట్లో పూత పగిలి పెచ్చులుగా లేచింది. బిగించిన స్క్రూ చుట్టూ ఉంగరంలా తెల్లటి గీత, గోరు పెడితే ఊడొచ్చేలా. మన గాలిలో తేమ దాన్ని ఇంకా పాడు చేసి ఉంటుంది, కాదనను, అయినా కొన్న ఏడాదిలోపే అలా కావడం బాగోలేదు. ఫోటోలు పంపితే పారదర్శకంగా ఉండే రెండు వాషర్లు పంపించారు. అవి వేసి, బంతి పడే గుంతల అంచులకి పల్చటి స్టీలు రేకు కవచాలు వేసి, ఆట మొదలుపెట్టడానికి బంతిని తోసే ప్లంజర్ వదిలే చోట మైలార్ అనే పల్చటి ప్లాస్టిక్ షీట్ అంటించాక ఇంకా పెరగలేదు. కొత్తగా కొనేవాళ్లు బంతి ఒక్కసారి తిరగకముందే ఈ మూడూ వేయించుకోండి.

తేమ గురించి ఇంకొంచెం. జూలై నుంచి నవంబర్ దాకా హాలు మూసిన రోజుల్లో కూడా మిషన్‌ని వదిలేయడానికి లేదు. మొదటి ఏడాది తుఫానుకి ఐదు రోజులు కరెంటు లేక మూసేశాం, తెరిచి చూస్తే బంతుల మీద ఆవాలు చల్లినట్టు తుప్పు చుక్కలు. ఆ చుక్కలున్న బంతి బల్ల మీద దొర్లితే గరుకు కాగితంతో రుద్దినట్టే. ఇప్పుడు రెండు రోజులకి మించి మూస్తే బంతులు తీసి, పొడి గుడ్డతో తుడిచి డబ్బాలో పెడతాను, పెట్టె లోపల సిలికా జెల్ సంచులు రెండు వేలాడదీస్తాను. కేబుల్ కనెక్టర్ల పిన్నుల మీద పచ్చగా పేరుకుంటే స్క్రీన్ మీద బోర్డు కనబడటం లేదని వస్తుంది, అప్పుడు కంగారుపడి బోర్డుకి ఆర్డర్ పెట్టేయకండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి మూడు నాలుగు సార్లు తీసి పెట్టండి. మాకు రెండుసార్లు అలాగే లేచి కూర్చుంది. బంతులు చేరే కాలువలో రెండు పక్కలా కంటికి కనబడని కాంతి కళ్లు ఉంటాయి, వాటి మీద దుమ్ము పడితే మిషన్ బంతుల లెక్క తప్పి, పోయిన బంతి కోసం అన్ని కాయిల్స్ టకటకా కొట్టుకుంటూ వెతుకుతుంది. దూది పుల్ల చాలు.

బంతుల మాట వచ్చింది కాబట్టి, బేరింగ్ షాపులో అంగుళం మీద పదహారో వంతు గోలీ అడిగితే సరిగ్గా సరిపోతుంది, చవక, తళతళలాడుతుంది. నేను ఆరు తెచ్చి వేశాను. మా మిషన్‌లో బల్ల కింద అయస్కాంతం ఉంది, నెల తిరిగేసరికి ఆ బంతులు అయస్కాంతాలై కాలువలో ఒకదానికొకటి అతుక్కుని కూర్చున్నాయి, ఒకటి రావాల్సిన చోట రెండు వచ్చేవి. తీసేసి పిన్‌బాల్‌కి అమ్మే కార్బన్ స్టీల్ బంతులే తెప్పించాను. ఈ ఒక్క చోట మాత్రం లోకల్ సరుకు వద్దు.

అదే గాజు అయితే లోకల్‌గా చేయించుకోవచ్చు. 21 అంగుళాలు 43 అంగుళాలు, 5 మిల్లీమీటర్ల టఫెండ్ గాజు, అంచులు నున్నగా చేయించాలి, కొలత ముందే కచ్చితంగా ఇవ్వాలి, గట్టిపరిచాక కోయడం కుదరదు. అసలు గాజు మందం 4.76 కాబట్టి మనది కొంచెం బిగువుగా ఎక్కుతుంది. విజయవాడ నుంచి తెప్పించాను, అమెరికా నుంచి తెప్పించే ఖర్చు తలుచుకుంటే అది ఖర్చే కాదు.

అలంకారాల మీద డబ్బు పెట్టకండి. పైన పెట్టే బొమ్మకి, లోపలి పక్కలకి అంటించే బొమ్మల అద్దాలకి, రంగుల కాళ్లకి పెట్టే డబ్బుతో ఒక బోర్డు, రెండు కాయిల్స్, పది స్లీవ్‌లు కొని బీరువాలో పెట్టుకోవచ్చు. షేకర్ మోటారు ఒక్కటి మినహాయింపు, బంతి పోయినప్పుడో, పెద్ద స్కోరు పడినప్పుడో మిషన్ మొత్తం గుర్రుమని వణికితే పిల్లలు ఎగిరి గంతేస్తారు, నాకూ ఇష్టమే. కానీ దాని వల్ల స్క్రూలు వదులవుతాయి. నెలకోసారి బల్ల ఎత్తి అన్నీ తిప్పి చూసుకునే ఓపిక ఉంటేనే పెట్టండి. రబ్బరు రింగులు మన ఎండకి ఏడాదిలో పగిలి నల్లటి పిండి రాలుస్తాయి, వాటి స్థానంలో సిలికాన్ వేస్తే శుభ్రంగా ఉంటుంది. ఫ్లిప్పర్ల మీద మాత్రం నేను మళ్లీ రబ్బరే వేశాను, సిలికాన్ మీద బంతి మరీ ఎగురుతోందని రోజూ ఆడే కుర్రాళ్లు గోల పెట్టారు. వాళ్ల మాటే కరెక్ట్.

డబ్బు పెట్టకుండా వచ్చే అప్‌గ్రేడ్ సాఫ్ట్‌వేర్. ఇందులో కంపెనీని మెచ్చుకోవాలి, రెండున్నరేళ్లలో ఐదుసార్లు కొత్త కోడ్ వచ్చింది, పెన్‌డ్రైవ్‌లో వేసుకుని పెట్టడమే. ఒకదాంట్లో కొత్త ఆటలే చేర్చారు, ఇంకోదాంట్లో బంతి నిజంగా పోకముందే పోయిందనుకునే తప్పు సరిచేశారు. అయితే సిస్టమ్ అంతా ఒక ఎస్‌డీ కార్డు మీద ఉంటుంది, కరెంటు ఠక్కున పోయినప్పుడు అది దెబ్బతింటే స్క్రీన్ నల్లగా ఉండిపోతుంది. మాకు యూపీఎస్ పెట్టకముందు ఒకసారి అయింది. మొబైల్ షాపు తమ్ముడే కొత్త కార్డు మీదకి ఎక్కించాడు, ఇంకో కాపీ తీసి కవర్లో పెట్టి పెట్టె తలుపు లోపలే టేప్ వేశాడు. ఈ కాపీ మిషన్ వచ్చిన మొదటి రోజే తీయించుకోండి.

కొనొచ్చా అన్నవాళ్లకి నా జవాబు. ఊళ్లో మంచి రీవైండింగ్ మేస్త్రి, చిన్న భాగాలు పట్టగలిగే మొబైల్ కుర్రాడు తెలిసి ఉండి, వారానికి ఒక గంట గాజు తీసి తుడిచే మనిషి మీకుంటే కొనండి. తాళం వేసి వదిలేసి డబ్బులు మాత్రం లెక్కపెట్టుకుందాం అనుకుంటే ఎయిర్ హాకీ పెట్టుకోండి, అది ఊరుకుంటుంది, ఇది ఊరుకోదు. బేరం ఆడేటప్పుడు రేటు తగ్గించమని అడగొద్దు, ఒక స్పేర్ బోర్డు, రెండు ఫ్లిప్పర్ కాయిల్స్ కలిపి ఇవ్వమని అడగండి, వారంటీలో మీ ఊరి పేరు రాయించుకోండి. పాతది దొరికితే బల్ల ఎత్తి చూపించమనండి. ఎత్తనివ్వకపోతే వెనక్కి వచ్చేయండి.

మాది ఇప్పుడు బాగానే ఆడుతోంది. నిన్న రాత్రి నుంచి కుడి ఫ్లిప్పర్ దెబ్బ కొంచెం మెత్తగా అనిపిస్తోంది, కింద నల్లటి పొడి కూడా కనబడింది. ఆదివారం పొద్దున్న హాలు తెరవకముందు స్లీవ్ మారుస్తాను. ఫ్లిప్పర్ విప్పడం కళ్లారా చూడాలనుకునేవాళ్లు తొమ్మిదింటికల్లా వచ్చేయండి.